కరపత్రం రేపటికి మిగలాలంటే: డిజైనర్లకూ టీచర్లకూ కొన్ని ఉచిత సాధనాలు

దళిత ఉద్యమ కరపత్రాల మీద పనిచేసేవాళ్లకి ఎదురయ్యే మొదటి చిక్కు చెదలు పట్టిన కాగితం కాదు, ఫాంటు. కాగితం పాతబడి పసుపెక్కినా కళ్లతో చదవొచ్చు. అదే కరపత్రం డీటీపీ సెంటర్ నుంచి సీడీలోనో పెన్‌డ్రైవ్‌లోనో మన చేతికొస్తే, తెరవగానే తెలుగు బదులు ఇంగ్లీషు అక్షరాలూ డాలరు గుర్తులూ కలగాపులగంగా కనిపిస్తాయి. ఆ ఫాంటు ఉన్న కంప్యూటర్‌లో తప్ప అది తెలుగు కాదు. నా పీహెచ్‌డీ పనిలో భాగంగా కరపత్రాలు పోగుచేస్తుంటే, 1980ల నాటి అచ్చు కాగితాల కంటే 2000 తర్వాతి కంప్యూటర్ ఫైళ్లే ఎక్కువ సతాయిస్తున్నాయి.

కారణం చిన్నదే. అను, శ్రీలిపి లాంటి పాత ఫాంట్లు ఇంగ్లీషు అక్షరాల గదుల్లో తెలుగు బొమ్మల్ని కూర్చోబెట్టాయి. తెర మీద ‘క’ కనిపించినా, కంప్యూటర్ లెక్కలో అది వేరే ఏదో గుర్తు. యూనికోడ్ అలా కాదు, ప్రతి తెలుగు అక్షరానికీ సొంత సంఖ్య ఇచ్చింది. చుండూరు దారుణం జరిగిన 1991లోనే యూనికోడ్ మొదటి వెర్షన్ వచ్చింది, అందులోనే తెలుగుకు చోటుంది. అయినా చుండూరు మీద ఆ తర్వాత దశాబ్దాల పాటు మనం వేసుకున్న కరపత్రాలు, సంస్మరణ సంచికలు చాలావరకు పేజ్‌మేకర్‌లో, పాత ఫాంట్లలోనే తయారయ్యాయి. ఆ ఫైళ్లను ఎక్కడ ఎక్కించినా గూగుల్‌కి అవి తెలుగుగా కనబడవు. రేపు ఏ విద్యార్థో ఆ ఊరి పేరు తెలుగులో వెతికితే పత్రికల కథనాలు దొరుకుతాయి, మనం రాసుకున్నది మాత్రం దొరకదు.

సాధనాల గురించి రాస్తూ ఇదంతా ఎందుకంటే, ‘డిజైనర్లకు పనికొచ్చే ఉచిత టూల్స్’ అనే జాబితాలు ఇప్పటికే బోలెడున్నాయి. ఏది తేలిక, ఏది అందంగా ఉంటుంది అని మాత్రమే అవి చెబుతాయి. మనం ఇంకో ప్రశ్న కూడా అడగాలి. పని అయిపోయాక ఫైలు తాళం ఎవరి దగ్గర ఉంటుంది?

ఈ ప్రశ్న కొత్తదేమీ కాదు. 1936లో లాహోర్‌లోని జాత్ పాత్ తోడక్ మండల్ తమ మహాసభకు అధ్యక్షుడిగా అంబేడ్కర్‌ను పిలిచింది. ప్రసంగంలో కొన్ని భాగాలు తీసేయమంది. కామా కూడా మార్చనని ఆయన చెప్పారు. సభే రద్దయింది. అయినా ప్రసంగం పోలేదు, ఎందుకంటే ఆయన అప్పటికే దాన్ని బొంబాయిలో అచ్చు వేయించారు. ‘కులనిర్మూలన’ ఇంగ్లీషు ప్రతులు 1,500 రెండు నెలల్లో అయిపోయాయని రెండో ముద్రణ ముందుమాటలో ఆయనే రాశారు. ఆ ప్రసంగం అచ్చు పని పిలిచినవాళ్ల చేతుల్లోనే ఉండి ఉంటే మన దాకా ఏం వచ్చేదో ఊహించుకోవచ్చు. 1920లో ‘మూక్‌నాయక్’, 1927లో ‘బహిష్కృత భారత్’, హైదరాబాద్‌లో 1931లో భాగ్యరెడ్డి వర్మ మొదలుపెట్టిన ‘భాగ్యనగర్’, ఆ తర్వాత ఎప్పటికో బొజ్జా తారకం నడిపిన ‘నలుపు’... అన్నీ సొంత అచ్చు కోసం పడిన తపనలే. ఇవాళ ప్రెస్సు ప్రతి ఒక్కరి జేబులో ఉంది. దాని తాళం సంగతే చూసుకోవాలి.

అక్షరంతో మొదలు

కరపత్రం మేటర్‌ను ముందు యూనికోడ్‌లో టైపు చేయించండి. ఇది ఒక్కటి చేస్తే సగం పని అయినట్టే. ఫోన్‌లో జీబోర్డు, కంప్యూటర్‌లో ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు, ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు రాసే అలవాటున్నవాళ్లకి లేఖిని... ఏదైనా పరవాలేదు. టైపింగ్ రాని పెద్దలుంటే గూగుల్ డాక్స్‌లో మాట్లాడితే తెలుగులో రాసిపెట్టే సదుపాయం ఉంది. ఊళ్లో ఒక అవ్వ చెప్పిన మాటను అక్కడికక్కడే అక్షరాల్లోకి దించుకోవచ్చు. యాసను మాత్రం అది పుస్తక భాషలోకి ‘సరిదిద్దేస్తుంది’, తర్వాత కూర్చుని ఆమె మాటను ఆమె మాటలా తిరిగి రాయాలి. ఆ ఓపిక లేకపోతే రికార్డింగ్ ఒక్కటీ దాచుకుని ఊరుకోవడం మేలు.

పాత అను ఫైళ్లను యూనికోడ్‌లోకి మార్చే కన్వర్టర్లు ఆన్‌లైన్‌లో ఉచితంగా దొరుకుతాయి. మార్చాక ఒత్తులు, వట్రుసుడులు ఒకసారి ప్రూఫు చూసుకోవాలి. ఫైలు పోయి కాగితమే మిగిలితే దాన్ని నిటారుగా ఫొటో తీసి గూగుల్ డ్రైవ్‌లో పెట్టి, గూగుల్ డాక్స్‌తో తెరిస్తే బొమ్మలోని తెలుగు అక్షరాలను విడదీసి ఇస్తుంది. అచ్చు శుభ్రంగా ఉంటే ఫలితం బాగుంటుంది, సైక్లోస్టైల్ కాగితానికి తప్పులెక్కువ. ఇంటర్నెట్ అక్కర్లేకుండా ఇదే పని చేసే టెసెరాక్ట్ అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌లో కూడా తెలుగు ఉంది.

ఫాంట్ల కొరత ఒకప్పుడు నిజంగానే ఉండేది. ఇప్పుడు గూగుల్ ఫాంట్స్‌లో రెండు డజన్ల దాకా తెలుగు ఫాంట్లు స్వేచ్ఛా లైసెన్స్‌తో ఉన్నాయి. డౌన్‌లోడ్ చేసుకోవచ్చు, అచ్చుకి వాడొచ్చు, పైసా కట్టక్కర్లేదు. నినాదానికి లావుపాటి రామభద్ర గానీ బాలూ తమ్ముడు గానీ బాగుంటాయి. పుస్తకం లోపలి పేజీలకు నోటో సెరిఫ్, తిరో తెలుగు, మండలి చూడండి. ఏక్ టైప్ వాళ్ల అనేక్ తెలుగు ప్రత్యేకంగా చెప్పుకోదగ్గది. ఒకే ఫాంటును సన్నంగా, లావుగా, ఇరుకుగా, వెడల్పుగా సాగదీసుకోవచ్చు. పెద్ద పేర్లున్న వక్తల జాబితా చిన్న బ్యానర్‌లో పట్టించాల్సి వచ్చినప్పుడు దాని విలువ తెలుస్తుంది.

పేర్ల సంగతొచ్చింది కాబట్టి ఒక మాట. తెలుగు ఫాంట్ల పేర్లు చూడండి: శ్రీకృష్ణదేవరాయ, పెద్దన, తిమ్మన, ధూర్జటి, తెనాలి రామకృష్ణ, సూరన. రాయల ఆస్థానం మొత్తం దిగింది. గిడుగు, గురజాడ, సురవరం ఉన్నారు. జాషువా పేరు ఆ జాబితాలో నాకు కనబడలేదు, కుసుమ ధర్మన్న గురించి చెప్పనే అక్కర్లేదు. ఫాంట్లు చేసినవాళ్లు ఉచితంగా ఇచ్చారు, మనకు మేలే చేశారు. ఆ లైసెన్స్ ప్రకారం ఎవరైనా ఆ ఫాంటును మార్చి, వేరే పేరుతో విడుదల చేయొచ్చు. ఫాంట్ డిజైన్ చదువుతున్న మన పిల్లలు ఎవరైనా ఈ మాట గుర్తుపెట్టుకుంటారని ఆశ.

అడోబీ సాఫ్ట్‌వేర్లు వాడేవాళ్లకి ఇంకో చిక్కు తరచుగా ఎదురవుతుంది. యూనికోడ్ తెలుగును పేస్ట్ చేస్తే ఒత్తులు విడిపోయి, పొల్లులు తేలి కనిపిస్తాయి. ‘అందుకే యూనికోడ్ పనికిరాదు, అనులోనే ఇవ్వండి’ అని చాలామంది డీటీపీ ఆపరేటర్లు అనేది ఇక్కడే. నిజానికి అది ఒక సెట్టింగ్ లోపం. ఇన్‌డిజైన్‌లో పేరాగ్రాఫ్ ప్యానెల్‌కి వెళ్లి ‘వరల్డ్ రెడీ’ కంపోజర్ ఎంచుకోవాలి. ఫొటోషాప్‌లో ప్రిఫరెన్సెస్‌లో టైప్ విభాగం తెరిచి ‘వరల్డ్ రెడీ లేఅవుట్’ పెట్టుకోవాలి. పాత వెర్షన్లలో దీని పేరు ‘మిడిల్ ఈస్టర్న్ అండ్ సౌత్ ఏషియన్’. అంతే, ఒత్తులు వాటి చోట్లోకి వచ్చి కూర్చుంటాయి. పేజ్‌మేకర్‌కి మాత్రం ఈ మందు లేదు, దాన్ని వదిలేయాల్సిందే.

నీలం మీద ఏ రంగు?

పోస్టర్ పనికి రెండు స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్లు నేర్చుకుంటే చాలు: ఇంక్‌స్కేప్, గింప్. ఫొటో పని గింప్‌లో, అక్షరాల పని ఇంక్‌స్కేప్‌లో. ఈ తేడా తెలియక అంతా ఒక్కచోటే చేసేవాళ్లు ఎక్కువ. ఎనిమిది అడుగుల ఫ్లెక్సీ మీద బాబాసాహెబ్ ముఖం గళ్లుగళ్లుగా రావడం ప్రతి ఏప్రిల్ 14న చూస్తాం. వాట్సాప్‌లో వచ్చిన చిన్న ఫొటోను సాగదీయడం వల్ల వచ్చే బాధ అది. వికీమీడియా కామన్స్‌లో అంబేడ్కర్ ఫొటోలు పెద్ద సైజులో, హక్కుల వివరాలతో సహా ఉన్నాయి. అక్షరాలనూ గుర్తులనూ ఇంక్‌స్కేప్‌లో చేస్తే ఎంత పెంచినా అంచులు చెదరవు, ఎందుకంటే అది చుక్కల్ని కాక గీతల లెక్కల్ని దాచుకుంటుంది.

ఫ్లెక్సీ షాపుకి ఫైలు ఇచ్చేటప్పుడు వాళ్లు ‘కర్వ్స్ చేసి ఇవ్వండి’ అంటారు. అంటే అక్షరాలను బొమ్మలుగా మార్చమని. అలా చేస్తే వాళ్ల దగ్గర ఫాంటు లేకపోయినా పోస్టర్ చెడదు. కానీ ఆ తర్వాత అది తెలుగు కాదు, ఉత్త గీతలు. అందుకే ఎప్పుడూ రెండు కాపీలు ఉండాలి. కర్వ్స్ చేసింది షాపుకి, అక్షరాలు అక్షరాలుగా ఉన్నది మనకి. వచ్చే ఏడాది తేదీ, వక్తల పేర్లు మార్చుకుంటే సరిపోతుంది.

రంగుల దగ్గర కాస్త ఆగాలి. తెర మీద చదవడానికి అక్షరానికీ వెనక రంగుకూ మధ్య వెలుగు తేడా కనీసం 4.5కి 1 ఉండాలని, పెద్ద అక్షరాలకైతే 3కి 1 చాలని అంతర్జాతీయ వెబ్ ప్రమాణాలు చెబుతాయి. దీన్ని కొలిచే పేజీలు ఆన్‌లైన్‌లో ఉచితం, వెబ్‌ఎయిమ్ వాళ్లది అందరూ వాడేది. మన నీలంతో కొలిచి చూడండి. ముదురు చేయని అసలు నీలం మీద తెలుపు అక్షరాలకు సుమారు 8.6 వస్తుంది. పసుపుకి 8. నలుపుకి 2.4 మాత్రమే. ఎరుపుకి ఇంకా తక్కువ, దాదాపు 2.1. లాల్-నీల్ ఐక్యత మీద ఎవరి అభిప్రాయం ఏదైనా, నీలం మీద ఎర్ర అక్షరాలు మాత్రం ఎవరికీ కనబడవు. చూపు మందగించిన పెద్దలు, ఎండలో నిలబడి ఫోన్ చూసుకునే కూలీలు చదవాల్సిన కరపత్రం అది. రెండు రంగులూ కావాలంటే మధ్యలో తెల్ల పట్టీ పెట్టండి.

చూపు లేనివాళ్ల సంగతి అసలే మర్చిపోతున్నాం. వాళ్లు ఫోన్‌లో టాక్‌బ్యాక్, కంప్యూటర్‌లో ఎన్‌వీడీఏ లాంటి స్క్రీన్ రీడర్లతో తెలుగు వింటారు. ఎన్‌వీడీఏ కూడా ఉచితమే. అవి యూనికోడ్ అక్షరాలను చదువుతాయి, పోస్టర్ బొమ్మలోని అక్షరాల్ని మామూలుగా చదవలేవు. కాబట్టి పోస్టర్‌తో పాటు అదే మేటర్‌ను మెసేజ్‌గా కూడా పెట్టడం మర్యాద. టైపు చేసిన మేటర్ ఎలాగూ ఉంటుంది, కాపీ చేయడమే.

కాన్వా గురించి అడుగుతారని తెలుసు. వాడొద్దని చెప్పను. రాత్రి పదింటికి రేపటి ధర్నా ఖాయమైతే ఇంక్‌స్కేప్ నేర్చుకుంటూ కూర్చోలేం. తెలుగు ఫాంట్లున్నాయి, ఫోన్‌లోనే పని అయిపోతుంది, బడి టీచర్లకూ స్వచ్ఛంద సంస్థలకూ ఉచిత పథకాలున్నాయి. అయితే మీ డిజైన్ ఆ కంపెనీ సర్వర్‌లో ఉంటుంది. సంఘం ఖాతా చూసే కుర్రాడు ఉద్యోగం వచ్చి వెళ్లిపోయాడనుకోండి, ఐదేళ్ల పోస్టర్లు అతని పాస్‌వర్డ్‌తో పాటే పోతాయి. కాబట్టి కాన్వాలో చేసిన ప్రతిదాన్నీ పీడీఎఫ్‌గా దించి మన దగ్గర పెట్టుకోవాలి. తొందర పనికి కాన్వా, నిలవాల్సిన పనికి ఇంక్‌స్కేప్, పత్రికకైతే పేజీలు పేర్చే స్క్రైబస్.

వీటిని నేర్పేదెవరు? ఐఐటీ బాంబే వాళ్ల స్పోకెన్ ట్యుటోరియల్ ప్రాజెక్టు మన పిల్లలకు సరిగ్గా సరిపోతుందని నా అభిప్రాయం. ఒక్కో పాఠం పది నిమిషాలకు అటూఇటూగా ఉంటుంది. ఇంక్‌స్కేప్, గింప్, లిబ్రేఆఫీస్ అన్నీ ఉన్నాయి. చాలా పాఠాలకు తెలుగు సహా భారతీయ భాషల్లో డబ్బింగ్ ఉంది. పాఠం ఒక పక్క నడుస్తుంటే ఇంకో పక్క సాఫ్ట్‌వేర్ తెరిచి చేసుకుంటూ పోవాలి. వీడియోలు దించుకుని ఇంటర్నెట్ లేనిచోట కూడా చూడొచ్చు. డిజైన్ ఆలోచన కావాలంటే అదే ఐఐటీలోని డిజైన్ విభాగం నడిపే డీసోర్స్ ఉంది. టైపోగ్రఫీ మొదలుకొని చేతివృత్తుల దాకా పాఠాలు, ఫొటోలు అక్కడ దొరుకుతాయి. డిజైన్ బడుల వృత్తుల డాక్యుమెంటేషన్ మొత్తం మీద నాకొక ఫిర్యాదు ఉంది. తోలు గురించి, మట్టి గురించి, పనిముట్ల గురించి సవివరంగా రాస్తారు, ఆ పని ఏ కులం మీద ఎందుకు రుద్దబడిందో చెప్పే చోట ‘సంప్రదాయ కళాకారులు’ అని దాటేస్తారు. ఆ ఖాళీని పూరించే ప్రాజెక్టు చేయాలనుకునే డిజైన్ విద్యార్థికి విషయం కరువు లేదు.

ఇదంతా పట్నం పిల్లలకే సాధ్యమనుకునేవాళ్లు బెంగళూరు సుదర్శన్ లేఅవుట్ బస్తీలో స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ కార్యకర్తలు మొదలుపెట్టిన అంబేడ్కర్ కమ్యూనిటీ కంప్యూటింగ్ సెంటర్ గురించి తెలుసుకోవాలి. పాత కంప్యూటర్ల మీద లైనక్స్ ఎక్కించి, బస్తీ పిల్లలకు నేర్పారు. ఆ పిల్లలు గింప్‌లో బొమ్మలు వేశారు. లైసెన్స్ డబ్బులు కట్టాల్సిన సాఫ్ట్‌వేర్ అయితే ఆ సెంటర్ మొదలయ్యేదే కాదు. హైదరాబాద్‌లో స్వేచ్ఛ సంస్థ కూడా ఇదే దారిలో పనిచేస్తోంది.

పాఠం చెప్పేవాళ్లకి

స్టడీ సర్కిల్ నడిపేవాళ్ల దగ్గర ఇప్పటికీ చేతులు మారి మారి నలిగిన జిరాక్స్ కాపీలే ఉంటాయి. మహారాష్ట్ర ప్రభుత్వం 1979 నుంచి వసంత్ మూన్ సంపాదకత్వంలో వేసిన అంబేడ్కర్ రచనలు, ప్రసంగాల సంపుటాలు కేంద్ర విదేశాంగ శాఖ వెబ్‌సైట్‌లో పీడీఎఫ్‌లుగా ఉన్నాయి. ఉచితంగా దించుకోవచ్చు. ‘కులనిర్మూలన’ను పాఠంగా చెప్పాలనుకుంటే కొలంబియా యూనివర్సిటీ వాళ్ల ఆన్‌లైన్ ప్రతి చూడండి. 1913 నుంచి 1916 దాకా అంబేడ్కర్ చదివిన యూనివర్సిటీ అది. అక్కడి ప్రొఫెసర్ ఫ్రాన్సెస్ ప్రిచెట్ దాన్ని విద్యార్థుల కోసం తయారుచేశారు. మూలపాఠం పక్కనే వివరణలు, గాంధీ విమర్శ, దానికి అంబేడ్కర్ జవాబు అన్నీ ఉంటాయి. ఒక పాఠాన్ని తెర మీద ఎలా అమర్చాలో నేర్చుకోవడానికి కూడా అది మంచి నమూనా. తెలుగులో అలాంటిది ఒకటి చేయాల్సిన బాకీ మన మీద ఉంది.

చేయడానికి చట్టం అడ్డు రాదు. మన దేశంలో రచయిత చనిపోయిన తర్వాతి ఏడాది నుంచి లెక్కేసి 60 ఏళ్లకు కాపీరైట్ ముగుస్తుంది. అంబేడ్కర్ 1956లో పరినిర్వాణం చెందారు కాబట్టి, బతికుండగా ఆయన ప్రచురించిన రచనలు 2017 జనవరి 1 నుంచి అందరివీ. 1939లో మరణించిన భాగ్యరెడ్డి వర్మ రాతలకు ఎప్పుడో ఆ గడువు దాటింది. జాషువా 1971లో పోయారు, ఆయన కావ్యాలు 2032లో విడుదలవుతాయి. అంబేడ్కర్ మూలం అందరిదే అయినా, తెలుగు అనువాదం మీద అనువాదకుడి హక్కు వేరుగా ఉంటుంది. పాత అనువాదాన్ని స్కాన్ చేసి పెట్టడం కాకుండా, పదిమంది విద్యార్థులు తలా కొన్ని పేజీలు కొత్తగా అనువదించి తెలుగు వికీసోర్స్‌లోనో మరెక్కడో స్వేచ్ఛా లైసెన్స్‌తో పెడితే ఆ చిక్కు ఉండదు. గడువు దాటిన తెలుగు పుస్తకాలకు ఇంటర్నెట్ ఆర్కైవ్ పెద్ద గని. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా స్కాన్ చేసినవి కూడా అక్కడ చేరాయి. రచయిత పేరు ఇంగ్లీషులో నాలుగు రకాల స్పెల్లింగులతో వెతకాలి, అదొక తలనొప్పి.

అనువాదానికి యంత్రం సాయం తీసుకోవచ్చా? తీసుకోవచ్చు, ఐఐటీ మద్రాసులోని ఏఐఫర్‌భారత్, కేంద్ర ప్రభుత్వ భాషిణి లాంటివి తెలుగుకు పనిచేస్తున్నాయి. చిత్తుప్రతి వరకే. కులానికి సంబంధించిన మాటలు మనకు వట్టి పదాలు కావు. అస్పృశ్యుడు, హరిజనుడు, దళితుడు, ఈ మూడింటి మధ్య ఉన్న పోరాటం యంత్రానికి తెలియదు. ఆ మూడు చోట్లా మనిషి కూర్చుని తేల్చాల్సిందే.

చిన్న పిల్లల టీచర్లకు ప్రథమ్ బుక్స్ వాళ్ల స్టోరీవీవర్ ఉంది. 2015లో మొదలైంది, తెలుగు కథలు బాగానే ఉన్నాయి. అక్కడి బొమ్మలతో మీరే కొత్త కథ రాయొచ్చు, ఉన్న కథను మీ ఊరి తెలుగులోకి మార్చి అచ్చు తీసుకోవచ్చు, లైసెన్స్ అందుకు ఒప్పుకుంటుంది. కథల్లో మన పిల్లలు ఎలా కనబడాలో తెలుసుకోవడానికి మాత్రం హైదరాబాద్‌లోని అన్వేషి తీసుకొచ్చిన ‘డిఫరెంట్ టేల్స్’ సిరీస్ చదవాలి. గోగు శ్యామల కథలు అందులో ఉన్నాయి. వాటిని చదివి, ఆ కంటితో స్టోరీవీవర్‌లో కథలు రాయడం మంచి వర్క్‌షాప్ అవుతుంది. పల్లె జీవితం మీద వ్యాసాలు, ఫొటోలు కావాలంటే పారీ వెబ్‌సైట్‌లో తెలుగు అనువాదాలున్నాయి.

కాలేజీ పిల్లలకు స్వయం కోర్సుల గురించి తెలిసినా, దాంట్లోని ఒక లాభం చాలామందికి తెలియదు. చేరడం, చదవడం ఉచితం. సర్టిఫికెట్ పరీక్షకే ఫీజు. యూజీసీ 2021 నిబంధనల ప్రకారం ఒక సెమిస్టర్ కోర్సుల్లో 40 శాతం దాకా స్వయం ద్వారా చేసి క్రెడిట్లు తెచ్చుకోవచ్చు. మీ కాలేజీలో మంచి డిజైన్ మాస్టారో, విద్యాబోధన మాస్టారో లేకపోతే ఇది దారి. కాలేజీ ముందుగా ఒప్పుకోవాలి కాబట్టి సెమిస్టర్ మొదట్లోనే దరఖాస్తు పెట్టండి. ఎస్సీ, ఎస్టీ విద్యార్థులకు ఎన్‌పీటెల్ పరీక్ష ఫీజులో రాయితీ ఉంటుంది, కుల ధ్రువీకరణ పత్రం దగ్గర పెట్టుకోండి.

ఇవన్నీ ఇంటర్నెట్ ఉన్నవాళ్లకి. 2020 జూన్ 1న కేరళలో ఆన్‌లైన్ తరగతులు మొదలైన రోజునే మలప్పురం జిల్లాలో ఒక దళిత విద్యార్థిని ప్రాణం తీసుకుంది. ఇంట్లో టీవీ పాడైంది, స్మార్ట్‌ఫోన్ లేదు. అక్షరాస్యతలో దేశానికే ముందున్న రాష్ట్రంలో జరిగిందిది. ‘లింకు పంపాను కదా’ అనే టీచరు ఈ సంగతి మర్చిపోకూడదు. హాస్టల్లోనో వాడలోనో పాఠం చెప్పేవాళ్లు కివిక్స్, కోలిబ్రి అనే రెండు పేర్లు గుర్తుంచుకోవాలి. కివిక్స్‌తో తెలుగు వికీపీడియా మొత్తాన్నీ ఒకసారి దించుకుని ఇంటర్నెట్ లేకుండా చదవొచ్చు. కోలిబ్రిని ఒక పాత ల్యాప్‌టాప్‌లో ఎక్కిస్తే, అదే గదిలోని ఫోన్లన్నీ వైఫై ద్వారా దానిలోని పాఠాలు తెరుచుకుంటాయి, డేటా ఖర్చు ఉండదు. పాఠాలు దించడానికి మాత్రం ఒక్కసారి మంచి కనెక్షన్ కావాలి. ఆ పని యూనివర్సిటీ హాస్టల్లో ఉన్న మీరు చేసి, సెలవుల్లో ఊరికి పట్టుకెళ్లొచ్చు. బడి పుస్తకాల్లోని క్యూఆర్ కోడ్‌లు స్కాన్ చేస్తే వచ్చే దీక్షా పాఠాలను కూడా యాప్‌లో దించి పెట్టుకోవచ్చు.

పోస్టర్‌లో ఎవరి ముఖం ఉంది?

అత్యాచార ఘటనల మీద పోస్టర్ వేసేటప్పుడు బాధితురాలి ఫొటో, పేరు పెట్టడం ఇప్పటికీ జరుగుతోంది. భారతీయ న్యాయ సంహిత 72వ సెక్షన్ ప్రకారం అది నేరం. ఇదివరకు ఐపీసీ 228ఏ ఇదే చెప్పేది. బాధితురాలు చిన్నపిల్ల అయితే పోక్సో 23వ సెక్షన్ కూడా వర్తిస్తుంది. చట్టం మాట అలా ఉంచినా, ఆ కుటుంబం అదే ఊళ్లో బతకాలి.

ముఖం దాచేటప్పుడు కొద్దిగా మసక చేసి వదిలేయకండి, పూర్తిగా ఒక రంగు పట్టీ కప్పి, పీఎన్‌జీగానో జేపీజీగానో కొత్త బొమ్మ తీయండి. ఎఫ్ఐఆర్ పీడీఎఫ్ మీద నల్ల పట్టీ గీస్తే కింద అక్షరాలు అలాగే ఉంటాయి, కాపీ చేసి పేస్ట్ చేస్తే బయటపడతాయి. లిబ్రేఆఫీస్‌లో ‘రిడాక్ట్’ అనే సదుపాయం దీనికోసమే ఉంది, దాచిన భాగాన్ని నిజంగా చెరిపేసి కొత్త పీడీఎఫ్ ఇస్తుంది.

ఇక్కడ ఒక చిన్న మెలిక. పోస్టర్‌ను వాట్సాప్‌లో ఫొటోగా పంపితే నాణ్యత పడిపోతుంది కాబట్టి డాక్యుమెంటుగా పంపమని అందరం చెబుతాం. అయితే అలా పంపిన ఫొటోలో అది తీసిన చోటు, సమయం వివరాలు చెరగకుండా వెళ్తాయి. పోస్టర్‌కి ఇబ్బంది లేదు. నిజనిర్ధారణకు వెళ్లి సాక్షి ఇంటి ముందు తీసిన ఫొటో అయితే ఆ ఇల్లు ఎక్కడుందో చెప్పినట్టే. అలాంటివి ముందు గింప్‌లో తెరిచి, ఎక్స్‌పోర్ట్ చేసేటప్పుడు ఎగ్జిఫ్ డేటా దగ్గర టిక్కు తీసేసి పంపండి. అసలు ఫొటోను మాత్రం మార్చకుండా భద్రంగా దాచాలి, రేపు కోర్టుకు అదే కావాలి.

చివరగా లైసెన్స్. కరపత్రం అడుగున ‘సర్వహక్కులు’ అని అలవాటుగా వేసేస్తుంటాం. దానికి బదులు క్రియేటివ్ కామన్స్ లైసెన్స్ వేస్తే మన పేరు చెప్పి ఎవరైనా మళ్లీ వేసుకోవచ్చు. వాటిలో ‘వాణిజ్యేతర’ అనే షరతు ఉన్న రకం చాలామందికి నచ్చుతుంది, వ్యాపారులు వాడుకోకూడదని. ఆ షరతు ఉంటే వికీమీడియా కామన్స్ తీసుకోదు, వికీపీడియా వ్యాసంలోకి ఎక్కదు. పేరు చెప్పాలి, మార్చినా ఇదే లైసెన్స్‌తో పంచాలి అనే ‘షేర్ అలైక్’ రకం మనకు సరిపోతుంది.

వచ్చే ఏప్రిల్‌లో జయంతి కమిటీ పనులు పంచుకునేటప్పుడు 15వ తేదీకి కూడా ఒక మనిషిని పెట్టండి. వాట్సాప్ ఇచ్చే ఐఎంజీ అంకెల పేరు తీసేసి, ఏడాది, ఊరు, సంఘం పేరు, సందర్భం వరుసగా ఫైలు పేరులో రాయాలి. యూనికోడ్ మేటర్, అక్షరాలు మార్చుకోగలిగే ఇంక్‌స్కేప్ ఫైలు, అచ్చుకిచ్చిన పీడీఎఫ్, ఈ మూడింటినీ ఒక ఫోల్డర్‌లో పెట్టాలి. పీడీఎఫ్‌ను ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో సంఘం ఈమెయిల్‌తో తెరిచిన ఖాతాలో ఎక్కించి, వివరాల గడిలో మేటర్ మొత్తం తెలుగులో పేస్ట్ చేయాలి. ఫోల్డర్ కాపీ ఒకటి సంఘం ఆఫీసులో ఉన్న హార్డ్ డిస్క్‌లో, ఇంకొకటి వేరే ఊళ్లో ఉన్న సభ్యుడి దగ్గర ఉండాలి. అరగంట పని.